చేవెళ్ల వైపు ఫామ్ స్టే: ఏసీ కాటేజీ వద్దు, పాతింట్లో గది అడగండి

పోయిన నెల శని, ఆదివారాలు చేవెళ్ల దాటాక ఒక పాత పొలం ఇంట్లో ఉన్నాం, ఇప్పుడు దాన్ని ఫామ్ స్టే చేశారు. మెహిదీపట్నం నుంచి గంటన్నర పైనే పట్టింది, దారిలో మర్రిచెట్ల కింద మూడుసార్లు ఆగాం మరి.

మొదట కొత్త కాటేజీ ఇచ్చారు, రాత్రికి 5,500. ఏసీ బాగుంది, అంతే, కూకట్‌పల్లి ఫ్లాటులో కూర్చున్నట్టే ఉంది. మధ్యాహ్నం కరెంటు పోతే జనరేటర్ వేయడానికి ముప్పావుగంట పట్టింది, ఆలోపు మా నాన్న అటూ ఇటూ తిరిగి మామిడితోట వెనక ఒక పెద్ద గుంత చూసొచ్చారు. దాని గట్టు మీద మట్టి కాలితో గీకితే బూడిద, అందులో గాజులా మెరిసే వంకర ఇటుక ముక్కలు. "ఇక్కడ బట్టీ పెట్టార్రా" అన్నారు. మంటకి మరీ దగ్గరున్నవి అలా కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, సెగ సరిగా అందనివి పాలిపోయి వానకి కరుగుతాయి, మిగతావే గోడకి పనికొచ్చేవి.

తోట చూసే పెద్దాయన్ని అడిగితే, "ఈ ఇంటి ఇటుకంతా ఈన్నే కోసిండ్రు సార్, చెర్వు మన్నుల ఊక కలిపి" అన్నాడు. అప్పుడు పాతింటి గోడ దగ్గరికెళ్లి చూశాను. ఊక కాలిపోయిన చోట సన్నటి గాట్లు, ఏ రెండు ఇటుకలూ ఒక కొలతలో లేవు, ఒకదాని మీదైతే కుక్క అడుగు, పచ్చిగా ఆరబెట్టినప్పుడు తొక్కినట్టుంది. పెరట్లో పడున్న రెండిటిని తీసి తాటిస్తే ఖంగుమన్నాయి, అంటే బాగా కాలినవే.

సాయంత్రమే గది మార్పించుకున్నాం, పాతింట్లో 3,000. బాత్‌రూమ్ బయట, గీజర్ పని చేయలేదు, కానీ గోడలు ఎంత మందమంటే రాత్రి ఫ్యాన్ చాలింది. ముందు గదిలో మాత్రం ఆ ఇటుకలకే మెరూన్ పెయింట్ కొట్టి మధ్యలో తెల్ల గీతలు గీశారు, "బ్రిక్ లుక్" కోసమట! జొన్నరొట్టె, నాటుకోడి బ్రహ్మాండం. పొద్దున టిఫిన్ పదిన్నరకి వచ్చింది, పిల్లలుంటే బిస్కెట్లు పట్టుకెళ్లండి.

తిరిగొచ్చేటప్పుడు సంగారెడ్డి వైపు కొండాపూర్ మ్యూజియం కూడా చూశాం (హైటెక్ సిటీ పక్కది కాదు, మ్యాప్‌లో జాగ్రత్త). సాతవాహనుల కాలం నాటి ఊరు తవ్వకాల్లో బయటపడిన చోటు అది. చిన్నదే, గంటలో అయిపోతుంది, అయినా పనిగట్టుకుని వెళ్లొచ్చు.

పాతింటి గది ఆన్‌లైన్‌లో కనిపించదు, ఫోన్ చేసి గట్టిగా అడిగితేనే ఇస్తారు.