కొత్తగా తెచ్చిన గుర్రాలకి, కంచర గాడిదకి (మ్యూల్) డీఎన్ఏ టెస్ట్ చేయించా: రంగు టెస్ట్ సూపర్, జాతి రిపోర్ట్ పర్లేదు, మ్యూల్ విషయంలో మాత్రం నిరాశ

మూడు గుర్రాలు, ఒక కంచర గాడిద ఒకేసారి తీసుకున్నా, ఒక్కదానికీ కాగితాల్లేవు, అమ్మినాయన నోటిమాటగా చెప్పిన జాతి, రంగు తప్ప ఇంకేం లేదు. రిజిస్ట్రేషన్ ఫారంలో రంగు, జాతి, మచ్చలు అన్నీ రాయాలి, తప్పు రాస్తే రేపు ఆ జంతువు మనదేనని చూపించడానికి కూడా ఇబ్బందే. అందుకే జూలు వెంట్రుకలు కవర్లో పెట్టి పంపితే టెస్ట్ చేసే ల్యాబ్ ఒకదానికి నాలుగింటివీ పంపించా. ల్యాబ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఒక ఫిర్యాదు కూడా ఉంది.

ముందు శాంపిల్ గురించి. వెంట్రుకలు కత్తిరించి పంపితే పనికిరావు, పీకాలి, చివర కుదురు ఉండాలి, డీఎన్ఏ ఉండేది అందులోనే. ఒక్కోదానికి 20 నుంచి 30 వెంట్రుకలు అడిగారు. ఒకదాని జూలు ముట్టుకున్న చేత్తో ఇంకోదాని జూలు పీకొద్దు, మధ్యలో చేతులు కడుక్కోండి, కవర్ మీద పేరు అక్కడే నిలబడి రాసేయండి, నాలుగు కవర్లు కలిసిపోతే ఇక అంతే సంగతులు.

రంగు రిపోర్ట్ నిజంగా అద్భుతంగా ఉంది. గుర్రం రంగంతా రెండు జీన్ల దగ్గర మొదలవుతుంది, ఎక్స్‌టెన్షన్, అగౌటి. మొదటిది ఒంట్లో నల్ల రంగు తయారవుతుందా లేదా అని చెప్తుంది, అవ్వకపోతే చెస్ట్‌నట్, అంటే ఎర్ర గుర్రం. రెండోది ఆ నలుపుని కాళ్లు, జూలు, తోక వరకే ఆపుతుందా అని చెప్తుంది, ఆపితే బే, ఆపకపోతే ఒళ్లంతా నలుపు. మిగతా క్రీమ్, డన్, సిల్వర్, గ్రే, రోన్ ఇవన్నీ దీని మీద పడే పొరలు. ఈ వరస రిపోర్ట్‌లో ఎంత శుభ్రంగా రాశారంటే ఒకసారి చదివాక నాకు మళ్లీ ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు.

నల్ల ఆడగుర్రాన్ని ఫ్రీజియన్ జాతి అని చెప్పి ఇచ్చారు. తెచ్చినప్పుడు నిగనిగలాడే నలుపు, ఎండలు ముదిరేసరికి పక్కలన్నీ గోధుమ రంగులోకి తిరిగాయి. ఎండకి మామూలు నల్ల గుర్రాలు కూడా వెలుస్తాయి కాబట్టి నేను దానికేం అనుమానపడలేదు. రిపోర్ట్‌లో చూస్తే ఒక క్రీమ్ కాపీ ఉంది (తల్లి నుంచో తండ్రి నుంచో, ఒక్క వైపు నుంచే వచ్చింది), అంటే స్మోకీ బ్లాక్. క్రీమ్ ఒక్క కాపీ ఉంటే ఎరుపుని బాగా పలచన చేస్తుంది కానీ నలుపు జోలికి దాదాపు పోదు, అందుకే చెస్ట్‌నట్ మీద పడితే బంగారు రంగు పాలొమినో, బే మీద పడితే బక్‌స్కిన్, నల్ల గుర్రం మీద పడితే మాత్రం కంటితో చెప్పడం చాలా కష్టం. అసలు సంగతేంటంటే ప్యూర్ ఫ్రీజియన్లలో క్రీమ్ జీన్ ఉండదు! జాతి టెస్ట్ ఫలితం రాకముందే రంగు టెస్ట్ ఆ మాటని కొట్టేసింది.

గెల్డింగ్‌ని (విత్తులు తీయించిన మగ గుర్రం) బక్‌స్కిన్ అన్నారు. కానీ దానికి జూలు నుంచి తోక దాకా గీసినట్టు నల్ల చార, మోకాళ్ల దగ్గర అడ్డగీతలు, మొహం ఒంటికంటే ముదురు, ఇవన్నీ డన్ (ఒంటి రంగుని పలచన చేసి ఇలాంటి గీతలు మిగిల్చే జీన్) గుర్తులు. కొన్ని బక్‌స్కిన్లకి కూడా వీపు మీద నీడలాంటి చార ఉంటుంది కాబట్టి చార ఒక్కటే చూసి తేల్చకూడదు, కాళ్లు కూడా చూడాలి. టెస్ట్‌లో క్రీమ్ లేదు, డన్ ఉంది, బే డన్ అని తేలింది.

ఏడాది వయసున్న ఆడ గుర్రప్పిల్ల సంగతి ఇంకా ముఖ్యం. అరేబియన్ అన్నారు, స్ట్రాబెర్రీ రోన్ (ఎర్ర ఒంటి మీద తెల్ల వెంట్రుకలు కలిసిన రంగు) అన్నారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు, ఎందుకంటే అసలైన రోన్ జీన్ అరేబియన్లలో లేదు. రోన్ అయితే ఒంటి మీద తెల్ల వెంట్రుకలు కలిసి ఉన్నా తల, కాళ్ల కింది భాగం ముదురుగానే ఉండిపోతాయి, దీనికేమో కళ్ల చుట్టూ కళ్లజోడు పెట్టినట్టు తెల్లబడటం మొదలైంది. రిపోర్ట్‌లో రోన్ లేదు, గ్రే ఒక కాపీ ఉంది. ఆ మ్యుటేషన్ ఏంటో 2008లో కనిపెట్టారు, అది ఒక్క కాపీ ఉన్నా చాలు, ఏ రంగులో పుట్టినా ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడిపోతుంది, చర్మం మాత్రం నల్లగానే ఉంటుంది. రోన్ అని రాసి ఉంటే పదేళ్ల తర్వాత కాగితంలో ఒక గుర్రం, కళ్లెదుట ఇంకో గుర్రం ఉండేవి. పైగా గ్రే గుర్రాలకి వయసు మళ్లాక తోక కింద మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) గడ్డలు రావడం మామూలే, ఇప్పట్నుంచే చూసుకుంటూ ఉండాలని తెలిసింది, నాకు ఈ ఒక్క ఫలితం కోసమైనా టెస్ట్ చేయించడం సార్థకం అనిపించింది.

జాతి రిపోర్ట్‌కి వస్తే, మీ గుర్రం ఫలానా జాతి అని అది తేల్చి చెప్పదు, దగ్గరగా ఉన్న మూడు జాతుల పేర్లు ఇస్తుంది అంతే. ల్యాబ్ దగ్గర ఏయే జాతుల శాంపిళ్లు ఉన్నాయో వాటితోనే పోలుస్తారు, మీ గుర్రం జాతి ఆ లిస్టులో లేకపోతే దాని పక్కన ఉన్నది వచ్చేస్తుంది. రెండు మూడు తరాలు కలిసిపోయిన గుర్రానికైతే ఇంకా గందరగోళం. పిల్లకి అరేబియన్ మొదట వచ్చింది, మొహం చూసినా అదే అనిపిస్తుంది, సరే. నల్ల దానికి మోర్గాన్ అనే అమెరికన్ జాతి మొదట వచ్చింది, మోర్గాన్లలో క్రీమ్ ఉంటుంది కాబట్టి నమ్మబుద్ధేసింది, అయినా ఫారంలో క్రాస్ అనే రాశా. దీన్ని పెడిగ్రీ (వంశావళి) కాగితంలా చూపించి ఎవరైనా అమ్మితే కొనకండి.

ఇక మ్యూల్. నా ఫిర్యాదు ఇదే. మగ గాడిదకీ ఆడ గుర్రానికీ పుట్టేది ఇది, గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకి 62, దీనికి 63. అంటే సగం డీఎన్ఏ గాడిదది. గుర్రాల రంగు టెస్టులు గుర్రాల్లో దొరికిన మార్పుల్నే వెతుకుతాయి, గాడిదల్లో ఎరుపు, నలుపు రంగులు అవే జీన్లలో వేరే మార్పుల వల్ల వస్తాయి, అవి ఈ టెస్ట్‌కి కనబడవు. ఫారంలో మ్యూల్ అని రాసుకోవడానికి గడే లేదు, నేను పక్కన చేత్తో రాసి పంపా, వాళ్లు అది పట్టించుకోకుండా గుర్రం లెక్కనే చేసి బే డన్ అని ఇచ్చేశారు, జాతి దగ్గర మూడు గుర్రం పేర్లు కూడా పెట్టారు. వీపు మీద చార, భుజాల మీద అడ్డంగా శిలువలా గీత, తెల్లటి మూతి, తెల్లటి పొట్ట, ఇవన్నీ గాడిద తండ్రి నుంచి వచ్చినవని కంటికే కనిపిస్తున్నాయి. మెయిల్ పెడితే తప్పు ఒప్పుకుని జాతి టెస్ట్ డబ్బులు వెనక్కిచ్చారు, ఆ మర్యాద బాగుంది, కానీ అడక్కపోయుంటే ఆ తప్పుడు కాగితం అలాగే ఫైల్లో ఉండిపోయేది.

గుర్రాలకైతే మళ్లీ ఇక్కడికే పంపుతా, అదీ రంగు ప్యానెల్ ఒక్కటే. మ్యూల్‌కి ఫారంలో ముదురు బ్రౌన్, వీపు చార, భుజం గీత, లేత మూతి అని కనిపించింది కనిపించినట్టు రాసి, రెండు పక్కల నుంచీ, ముందు నుంచీ, వెనక నుంచీ పగటి వెలుతుర్లో ఫొటోలు తీసి జత చేశా. శీతాకాలం జుట్టు రాలాక ఇంకో సెట్ తీయాలి.