వరంగల్‌లో ఒక బస్తీ లెక్క తేలాలంటే: జనగణన పట్టికా, జనాభా గ్రిడ్డా, ఓపెన్ స్ట్రీట్ మ్యాపా?

నయీంనగర్ నాలాకు వంద మీటర్ల లోపు ఎంతమంది ఉంటున్నారు? ఫలానా డివిజన్‌లో ఆరేళ్లలోపు పిల్లలు ఎందరు, కొత్త అంగన్‌వాడీ ఏ వైపు పెడితే మేలు? ఇలాంటి ప్రశ్నలతో కూర్చున్నవాళ్లకు పైసా కట్టకుండా దించుకోగలిగే డేటా ప్రధానంగా మూడు రకాలు. ఒకటి 2011 జనగణన వార్డు పట్టికలు. రెండోది నేలను చిన్న చిన్న గడులుగా కోసి గడికింత జనాభా అని చూపే గ్రిడ్‌లు: వరల్డ్‌పాప్, మెటా, కాంటూర్. మూడోది ఓపెన్ స్ట్రీట్ మ్యాప్, అంటే ఎవరైనా గీసి సరిదిద్దగలిగే ఉచిత పటం.

ముందే తేల్చి చెప్పేస్తే, ఎవరుంటున్నారో జనగణన చెబుతుంది. ఎక్కడ, ఎందరు అన్నది గ్రిడ్ చెబుతుంది. చుట్టూ ఏముందో ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ చెబుతుంది. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతేనే లెక్క తప్పుతుంది. ఆ తప్పు నివేదికలో ఎక్కితే అంగన్‌వాడీ తప్పు వీధిలో పడుతుంది, ముంపు జాబితాలో ఉండాల్సిన ఇళ్లు బయట ఉండిపోతాయి.

జనగణన పట్టికలు

మూడింటిలో మనుషులు ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన డేటా ఇదొక్కటే. ప్రాథమిక జనగణన సారాంశం ఫైల్‌లో వార్డువారీగా కుటుంబాలు, మగ, ఆడ, ఆరేళ్లలోపు పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనివారు అన్నీ ఉంటాయి. బీసీ లెక్క అందులో లేదు, వెతికి లాభం లేదు. ఇంటి పైకప్పు, మరుగుదొడ్డి, నీటి వసతి, టీవీ, బండి లాంటివి ఇళ్ల జాబితా పట్టికలో వేరుగా ఉంటాయి.

మొదటి చిక్కు ఫైల్ దొరకడంలోనే. 2011లో తెలంగాణ లేదు కాబట్టి డేటా ఆంధ్రప్రదేశ్ కింద, రాష్ట్ర కోడ్ 28లో ఉంటుంది. పాత వరంగల్ జిల్లా కోడ్ 540, కరీంనగర్ 534, ఆదిలాబాద్ 532, నిజామాబాద్ 533. ఆ పాత 540లోనే నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు ప్రాంతాలు చాలావరకు కలిసి ఉన్నాయి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాయి, 2019లో ములుగు వచ్చింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి. కాబట్టి 'వరంగల్ జిల్లా' అన్న పేరు కనబడగానే ఏ సంవత్సరపు ఫైలో చూడాలి. పేరును బట్టి రెండు పట్టికలు కలిపితే పూర్తిగా వేరే నేలలు ఒకటైపోతాయి. నేటి హనుమకొండ జిల్లా లెక్క కావాలంటే 540 ఒక్కటే చాలదు. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి అప్పట్లో కరీంనగర్‌లో ఉండేవి, వాటికోసం 534 కూడా తెరవాలి. ఊరి పేర్లు, ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లు నమ్మకుండా ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఉండే కోడ్‌లతో జత చేస్తే ఈ తలనొప్పి చాలావరకు పోతుంది.

రెండో చిక్కు కార్పొరేషన్ హద్దు. 2011 తర్వాత చుట్టుపక్కల 42 గ్రామాలు నగరంలో కలిశాయి, విస్తీర్ణం దాదాపు 407 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. హసన్‌పర్తి, మడికొండ, మామునూరు లాంటివి జనగణన ఫైల్‌లో నగర వార్డుల కింద దొరకవు, విడి వరుసలుగానే ఉంటాయి. 2016 ఎన్నికలనాటికి 58 డివిజన్లు, 2021లో 66. ఇప్పటి 20వ డివిజన్‌కూ 2011 నాటి 20వ వార్డుకూ నంబర్ ఒక్కటే, నేల ఒక్కటి కాదు. నంబర్‌ను నంబర్‌తో కలపడం ఎక్కువగా జరిగే పొరపాటు. కోడ్‌లు సరిపోతాయి, ఎర్రర్ ఏదీ రాదు, అందుకే అది ఎవరి కంటా పడదు.

ఫైల్ తెరిచాక చూసుకోవాల్సినవి:

- ఒకే షీట్‌లో జిల్లా, మండలం, పట్టణం, గ్రామం, వార్డు వరుసలన్నీ కలిసి ఉంటాయి. పైగా మొత్తం, గ్రామీణ, పట్టణ అని విడివిడి వరుసలు. లెవెల్ కాలమ్‌లో వార్డు అని ఫిల్టర్ పెట్టకుండా కూడితే ఒక్కో మనిషి మూడు నాలుగు సార్లు లెక్కకొస్తాడు.
- వార్డు కోడ్‌ల ముందున్న సున్నాలను ఎక్సెల్ మింగేస్తుంది. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గానే తెరవాలి.
- అక్షరాస్యత శాతానికి భాగహారం మొత్తం జనాభాతో కాదు. అందులోంచి ఆరేళ్లలోపు పిల్లలను తీసేసి మిగిలిన సంఖ్యతో.
- వసతుల పట్టికలో ఉన్నవి సంఖ్యలు కావు, శాతాలు. రెండు వార్డులను కలిపేటప్పుడు శాతాల సగటు తీయకూడదు. 2,000 కుటుంబాలున్న వార్డులో 90 శాతానికి, 500 కుటుంబాలున్న వార్డులో 30 శాతానికి మరుగుదొడ్లు ఉన్నాయనుకుంటే సగటు 60 కాదు. 1,950 ఇళ్లు బై 2,500, అంటే 78 శాతం.

ఇక పట్టికతోపాటు వార్డు హద్దుల మ్యాప్ ఫైల్ రాదు. పాత వార్డు మ్యాప్ బొమ్మను క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లోని జియోరిఫరెన్సర్‌లో (బొమ్మను నేల మీది స్థానాలకు అతికించే పరికరం) వేసి హద్దులు గీసుకోవాలి. హనుమకొండ చౌరస్తా, కాజీపేట చౌరస్తా, పోచమ్మ మైదాన్, వరంగల్ చౌరస్తా, ములుగు రోడ్డు జంక్షన్ లాంటి కదలని చోట్లు కనీసం ఎనిమిదైనా పట్టుకోవాలి. అవన్నీ నగరం నడిమధ్యే ఉంటే అంచుల్లో మ్యాప్ వంకర పోతుంది, నాలుగు దిక్కులా పరచాలి. దీనికి ఒక పూట పడుతుంది. కానీ ఈ పని చేయకుండా జనగణనను నేటి డివిజన్లకు అన్వయించే దారి లేదు.

గ్రిడ్‌లు: మూడింటిలో ఏది?

వరల్డ్‌పాప్ సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం నుంచి వస్తుంది. గడి మూడు ఆర్క్ సెకండ్లు (ఒక ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు), వంద మీటర్లని పిలుస్తారు. మెటా వాళ్లది ఒక ఆర్క్ సెకండ్, అంటే దాదాపు 30 మీటర్లు. కాంటూర్‌ది ఆరు మూలల గడి, ఒక్కోటి సుమారు 0.7 చదరపు కిలోమీటర్లు.

కాంటూర్ తెరవడం తేలిక. జియోప్యాకేజ్ ఫైల్, క్యూజీఐఎస్‌లోకి లాగితే చాలు, గడి మీద నొక్కితే జనాభా కనిపిస్తుంది. ఉమ్మడి జిల్లా మొత్తంలో జనం ఎటు చిక్కగా ఉన్నారో ఒక్క చూపులో చెప్పాలంటే ఇదే మేలు. కానీ పాత వరంగల్‌లోని ఇరుకు డివిజన్లు ఒకటి రెండు గడుల్లోనే ఇమిడిపోతాయి. బస్తీ పనికి ఇది పనికిరాదు.

వరల్డ్‌పాప్‌లో కన్‌స్ట్రెయిన్డ్, అన్‌కన్‌స్ట్రెయిన్డ్ అని రెండు రకాలు. రెండూ జనగణనలోని పెద్ద యూనిట్ల మొత్తాన్ని లెక్కకట్టి గడులకు పంచేవే. మొదటిది కట్టడాలున్న గడులకే పంచుతుంది. రెండోది పొలాలకూ గుట్టలకూ కూడా అరమనిషి, పావు మనిషి చొప్పున చల్లుతుంది. మామునూరు వైపు పొలాల్లో కూడా జనం కనబడితే దించుకున్నది అన్‌కన్‌స్ట్రెయిన్డ్ అని అర్థం. బస్తీ పనికి కన్‌స్ట్రెయిన్డ్ తప్ప ఇంకోటి వద్దు. పాత వరుస 2000 నుంచి 2020 వరకు, కొత్త వరుస 2015 నుంచి 2030 వరకు ఉన్నాయి. ఆ సంవత్సరాల అంకెలు అంచనాలు, ఎవరూ ఇంటికెళ్లి లెక్కపెట్టినవి కావు.

వంద మీటర్ల గడి అంటారు గానీ వరంగల్ అక్షాంశం దగ్గర అది ఉత్తర దక్షిణాలుగా 92 మీటర్లు, తూర్పు పడమరలుగా 88 మీటర్లు. విస్తీర్ణం 0.81 హెక్టారు. ఒక గడిలో 81 మంది ఉంటే జనసాంద్రత హెక్టారుకు 81 కాదు, 100. గడిని హెక్టారుగా అనుకుని రాసేస్తే నగరం మొత్తం సాంద్రత దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది.

మెటా గ్రిడ్ బలం సన్నదనం. నాలా పక్క, రైలు పట్టా పక్క సన్నటి పట్టీల లెక్కకు ఇదే వాడాలి. నాలాకు రెండు వైపులా 50 మీటర్ల పట్టీ గీస్తే దాని వెడల్పు వరల్డ్‌పాప్‌లో ఒక్క గడి. గడి మధ్య బిందువు పట్టీలో పడితే అందులోని వాళ్లంతా మునిగినట్టు, పడకపోతే ఎవరూ మునగనట్టు లెక్క వస్తుంది. రెండు వందల మీటర్ల కన్నా సన్నటి పట్టీకి వరల్డ్‌పాప్ వాడొద్దు.

రెండింటికీ ఒక లోపం ఉంది. కట్టడం కనిపిస్తే జనం ఉన్నారనుకుంటాయి. ఎనుమాముల మార్కెట్ షెడ్లు, రైస్ మిల్లులు, కాజీపేట రైల్వే షెడ్లు రాత్రి పూట దాదాపు ఖాళీ. గ్రిడ్ అక్కడ కూడా మనుషులను కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. అలాంటి చోట్ల ఉపగ్రహ చిత్రం పెట్టి కంటితో చూసి, పెద్ద షెడ్ల గడులను పక్కకు తీయాలి.

ఇంకోటి మరీ ముఖ్యం. ఈ గ్రిడ్‌లతో పాటు వయసువారీ, ఆడ మగవారీ ఫైళ్లు కూడా ఇస్తారు. వాటిని చూసి రెండు డివిజన్లను పోల్చకూడదు. పెద్ద ప్రాంతపు నిష్పత్తినే గడులన్నిటికీ అద్దుతారు కాబట్టి మట్టెవాడలో పిల్లల వాటా, సుబేదారిలో పిల్లల వాటా అందులో ఒకేలా వస్తాయి. ఆ తేడా జనగణన వార్డు పట్టికలోనే ఉంటుంది.

ఓపెన్ స్ట్రీట్ మ్యాప్

ఈ మ్యాప్ డేటాను ప్రాంతాలవారీగా ఇచ్చే జియోఫాబ్రిక్ సైట్‌లో సదరన్ జోన్ ఫైల్ దించుకుంటే తెలంగాణ అందులో ఉంటుంది, రోజూ కొత్తది వస్తుంది. ఒక్క నగరానికే కావాలంటే క్యూజీఐఎస్‌లో క్విక్‌ఓఎస్ఎం ప్లగిన్ చాలు. రోడ్లు, చెరువులు, నాలాలు, బడులు, ఆసుపత్రుల స్థానాలకు ఇదే దిక్కు. కాలనీలు ఎక్కువగా చుక్కలుగానే ఉంటాయి, హద్దు గీతలు అరుదు. స్థలాల లేయర్‌లో జనాభా అని ఒక కాలమ్ కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు. జియోఫాబ్రిక్ షేప్‌ఫైల్‌లో పేరు కాలమ్ ఒక్కటే వస్తుంది కాబట్టి తెలుగు పేర్లు కావాలంటే అన్ని వివరాలూ ఉండే పీబీఎఫ్ ఫైల్ గానీ ప్లగిన్ గానీ వాడాలి.

ఇళ్ల ఆకారాలకు మాత్రం ఉపగ్రహ చిత్రాల నుంచి కట్టడాలను గుర్తించిన గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ డేటా నిండుగా ఉంటుంది. ప్రతి ఆకారానికి ఒక నమ్మకపు మార్కు ఉంటుంది, 0.65 నుంచి మొదలు. హనుమకొండలో బండలు, గుట్టలు ఎక్కువ. అవి ఇళ్లుగా పొరబడే ప్రమాదం ఉంది కాబట్టి మార్కు తక్కువ ఉన్నవి తీసేసి చూస్తే మంచిది.

గ్రామాల పోలికకు ష్రగ్ అనే సంకలనం బాగుంటుంది, 1991, 2001, 2011 జనగణనలను ఒకే కోడ్ కింద కలిపి ఇస్తుంది. కానీ అందులో పట్టణం మొత్తం ఒకే యూనిట్. జగిత్యాల, ములుగు పల్లెలకు వాడండి, వరంగల్ బస్తీలకు కాదు.

మూడూ కలిపి వాడే తీరు

నాలా లెక్క ఇలా:

1. క్విక్‌ఓఎస్ఎంతో నాలా గీత తెచ్చుకోవాలి. గీత తెగిపోయిన చోట ఉపగ్రహ చిత్రం చూసి కలపాలి.
2. గీతను దూరాలను మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర జోన్‌కు, అంటే 32644 కోడ్‌కు మార్చాలి. బోధన్ వైపు పనైతే 43వ జోన్. మార్చకుండా బఫర్ (గీత చుట్టూ పట్టీ) వేస్తే వంద అన్నది మీటర్లు కాదు, డిగ్రీలు అవుతుంది.
3. వంద మీటర్ల బఫర్ వేసి, ముక్కలన్నీ కలిపేయాలి. కలపకపోతే మలుపుల దగ్గర జనం రెండుసార్లు లెక్కకొస్తారు.
4. ఆ బఫర్‌ను తిరిగి గ్రిడ్ ఉన్న 4326 కోడ్‌కు, అంటే అక్షాంశ రేఖాంశాల పద్ధతికి మార్చాలి. మార్చాల్సింది బఫర్‌ను, గ్రిడ్‌ను కాదు. గ్రిడ్‌ను మారిస్తే గడుల విలువలు మళ్లీ కొలిచినట్టై మొత్తం జనాభానే మారిపోతుంది.
5. హద్దు లోపలి గడుల విలువలు లెక్కకట్టే జోనల్ స్టాటిస్టిక్స్‌లో సమ్ (మొత్తం) తీసుకోవాలి, మీన్ (సగటు) కాదు. ఖాళీ గడులకు పెట్టిన మైనస్ విలువ నోడేటాగా, అంటే లెక్కలోకి రానిదిగా నమోదైందో లేదో చూడాలి. లేకుంటే మొత్తం మైనస్‌లోకి పోతుంది.

అంగన్‌వాడీ లెక్కకు దారి వేరు. 2011 వార్డు హద్దుల్లో ఆరేళ్లలోపు వాటా ఎంతో జనగణన నుంచి తీసుకుని, నేటి డివిజన్ మొత్తం జనాభాను గ్రిడ్ నుంచి తీసుకుని గుణించాలి. వాటా 11 శాతం, గ్రిడ్ మొత్తం 12,000 అయితే 1,320 మంది. జననాల రేటు అప్పటినుంచి తగ్గుతూ వచ్చింది కాబట్టి దీన్ని పైహద్దుగానే రాయాలి. డివిజన్ రెండు పాత వార్డుల మీద పడితే నేల విస్తీర్ణాన్ని బట్టి వాటా పంచకూడదు. ఖిలా వరంగల్‌లో కోట లోపల పొలాలు ఉన్నాయి. విస్తీర్ణం లెక్కన పంచితే ఆ పొలాలకు కూడా పిల్లలు పుట్టుకొస్తారు. ఏ ముక్కలో గ్రిడ్ జనాభా ఎంతుందో చూసి ఆ నిష్పత్తిలో పంచాలి.

గ్రిడ్‌కూ గ్రిడ్‌కూ తేడా ఎంతుందో ప్రతిసారీ చూడండి. ఒకే హద్దులో మెటా, వరల్డ్‌పాప్ మొత్తాలు పది శాతం లోపు దగ్గరగా వస్తే ఆ సంఖ్య వాడొచ్చు. మూడో వంతు తేడా వస్తే ఏ ఒక్కటీ నమ్మక, ఓపెన్ బిల్డింగ్స్‌లో ఇళ్లు లెక్కపెట్టి, రెండు మూడు వీధులు నడిచి ఇంటికెందరో చూసుకోవాలి. పావు చదరపు కిలోమీటరు కన్నా చిన్న వాడకు మొదటినుంచే ఈ పద్ధతి మేలు.

ఓటర్ల జాబితాలు బూత్‌వారీగా దొరుకుతాయని వాటిలోని పేర్లు, ఇంటి నంబర్లు గీకి పట్టిక కట్టడం మాత్రం వద్దు. అవి మనుషుల సొంత వివరాలు. బూత్‌కు ఎందరు ఓటర్లన్న మొత్తం చాలు, అదీ పెద్దవాళ్ల లెక్కను సరిచూసుకోవడానికే.

షరతులు కూడా చూసుకోండి. వరల్డ్‌పాప్, మెటా గ్రిడ్‌లు పేరు చెప్పి వాడుకోవచ్చు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌తో కలిపి కొత్త డేటాబేస్ చేసి బయటికిస్తే ఆ మ్యాప్ షరతు మీదే ఇవ్వాలి. తదుపరి జనగణన ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ వార్డు పట్టికలు వచ్చేదాకా మీ ఫైల్‌లో ప్రతి సంఖ్య పక్కన ఏ ఏటిది, ఏ హద్దుది, లెక్కపెట్టిందా అంచనా వేసిందా అని మూడు కాలమ్‌లు పెట్టి ఉంచండి. కొత్తవి వచ్చిన రోజు ఏవి మార్చాలో, ఏవి ఉంచాలో వాటిని చూసే తేల్చుకోవచ్చు.