హాలిఫాక్స్‌లో ఎక్కడ ఉంటే మేలు: బెడ్‌ఫర్డా, క్లేటన్ పార్కా, డార్ట్‌మౌతా?

కెనడా తూర్పు తీరాన, నోవా స్కోషియా రాష్ట్రంలో ఉన్న హాలిఫాక్స్‌కి కొత్తగా వస్తున్న మనవాళ్ళు ఎవరైనా సరే ముందుగా అడిగేది, "ఏ ఏరియాలో ఇల్లు చూసుకోమంటారు?" అనే. జవాబులూ తయారుగానే ఉంటాయి. చదువుకోడానికి వచ్చిన పిల్లలకి క్లేటన్ పార్క్, కుటుంబంతో దిగినవాళ్ళకి బెడ్‌ఫర్డ్. ఊరి మధ్యలో ఉందామంటే "అద్దెలు తట్టుకోలేరు" అంటారు. డార్ట్‌మౌత్ పేరెత్తితే చాలు, "అది నీళ్ళకి అవతల కదండీ, దూరం" అని మాట తప్పించేస్తారు. మొదటి మూడూ కొంతవరకు నిజమే. నాలుగోది ఎప్పటి మాటో, ఇప్పటికీ అలాగే చేతులు మారుతోంది.

ముందు ఊరి అమరిక తెలిస్తే మిగతాది సులువు. మధ్యలో పొడుగాటి హార్బరు. దానికి పడమటి ఒడ్డున మూడువైపులా నీళ్ళున్న భూభాగం అసలు హాలిఫాక్స్ నగరం, 1749లో బ్రిటిష్‌వాళ్ళు కట్టింది. ఎదురొడ్డున డార్ట్‌మౌత్, దానికంటే ఏడాది చిన్నది. హార్బరు లోపలికి పోయేకొద్దీ సన్నబడి, ఆ తర్వాత బాగా వెడల్పయి బెడ్‌ఫర్డ్ బేసిన్ అవుతుంది. దాని కొసన బెడ్‌ఫర్డ్. నగరానికీ బెడ్‌ఫర్డ్‌కీ మధ్య గుట్టల మీద ఫెయిర్‌వ్యూ, క్లేటన్ పార్క్. 1996లో వీటన్నిటినీ, చుట్టుపక్కల కౌంటీని కలిపి ఒకే మున్సిపాలిటీ చేశారు. విస్తీర్ణం అయిదు వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. జనం మాత్రం 2021 లెక్కల ప్రకారం 4 లక్షల 40 వేల లోపే. మెట్రో లేదు, లోకల్ రైలు లేదు. బస్సులు, రెండు వంతెనలు, ఫెర్రీ, అంతే. అందుకే ఇక్కడ ఇల్లు చూసుకునేముందు "ఎన్ని బెడ్‌రూములు" కంటే ముందు "కారు ఉందా, లేదా" తేల్చుకోవాలి. మొదటి ఏడాది చాలామందికి ఉండదు.

క్లేటన్ పార్క్ గురించి పెద్దగా వాదించేదేం లేదు. లేస్‌వుడ్ టెర్మినల్ నుంచి 4వ నంబరు బస్సు యూనివర్సిటీల వైపు పోతుంది. ఫుల్‌టైమ్ విద్యార్థికి ఫీజుతోపాటే బస్ పాస్ వచ్చేస్తుంది. కెషెన్ గుడ్‌మన్ లైబ్రరీ, ఈతకొలనూ జిమ్మూ ఉన్న కెనడా గేమ్స్ సెంటర్ పక్కపక్కనే ఉన్నాయి. ఇండియన్ సరుకుల దుకాణాలు దగ్గర్లోనే. కొత్తగా వచ్చిన నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక అపార్ట్‌మెంటు తీసుకుని పప్పు, సాంబారు వండుకుంటూ బతకడానికి ఇంతకంటే సులువైన చోటు లేదు. మౌంట్ సెయింట్ విన్సెంట్ యూనివర్సిటీ అయితే గుట్ట దిగితే వచ్చేస్తుంది. ఎటొచ్చీ దగ్గర్లోని బేయర్స్ లేక్ షాపింగ్ ప్రాంతమే కారున్నవాళ్ళ కోసం కట్టిన చోటు. మ్యాపులో ఒకదానికొకటి ఆనుకుని కనిపించే షాపుల మధ్య ఫిబ్రవరిలో బియ్యం మూట పట్టుకుని నడిచి చూస్తే తెలుస్తుంది. పక్కనున్న ఫెయిర్‌వ్యూలో అద్దె కాస్త తక్కువ, గుట్ట ఎక్కడం కాస్త ఎక్కువ.

గుట్ట ఎక్కడం అంటే ఇక్కడి చలికాలం సంగతీ చెప్పాలి. విన్నిపెగ్‌లాగా మైనస్ 30 ఉండదు, సముద్రం కాపాడుతుంది. హార్బరు గడ్డకట్టదు కూడా. కానీ రాత్రి కురిసిన మంచు పొద్దున వానకి కరిగి, సాయంత్రానికి అద్దంలాంటి గడ్డవుతుంది. ఫెయిర్‌వ్యూ వీధుల్లోనూ, గుట్ట మీది పాత కోట సిటడెల్ నుంచి రేవులోకి దిగే డౌన్‌టౌన్ వీధుల్లోనూ ఆ పూట గోడ పట్టుకుని నడిచేవాళ్ళు కనిపిస్తారు. ఇల్లు జూలైలో చూసి నచ్చిందనుకునేవాళ్ళు వీధి వాలు కూడా ఒకసారి చూసుకోవాలి.

ఇక బెడ్‌ఫర్డ్. పిల్లలు, రెండు జీతాలు, రెండు కార్లు ఉంటే నిజంగానే హాయి. కొత్త ఇళ్ళు, కొత్త అపార్ట్‌మెంట్లు, ముఖ్యంగా లారీ యూటెక్ బులెవార్డ్ చుట్టూ. నీళ్ళ ఒడ్డున డివుల్ఫ్ పార్క్. ఊళ్ళోకి వచ్చే దారిలో హెమ్‌లాక్ రవైన్ అడవిలో గుండె ఆకారంలో చిన్న చెరువు ఉంటుంది. విక్టోరియా రాణి తండ్రి ప్రిన్స్ ఎడ్వర్డ్ 1790లలో తన ప్రియురాలు జూలీతో కాపురం పెట్టిన ఎస్టేటు అది. ఆయన కట్టించిన గుండ్రటి మండపం ఒకటి ఇప్పటికీ రోడ్డు పక్కనే ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అట్లాంటిక్ దాటే ఓడలు గుంపులు గుంపులుగా కూడింది ఆ ఎదురుగా ఉన్న బేసిన్‌లోనే.

చిక్కల్లా బెడ్‌ఫర్డ్ హైవేతో. ఒకవైపు గుట్ట, ఇంకోవైపు రైలు పట్టాలు, ఆ వెంటనే నీళ్ళు. వెడల్పు చేద్దామన్నా చోటు లేదు. కొత్త ఇళ్ళు మాత్రం లేస్తూనే ఉన్నాయి. పొద్దున ఎనిమిదింటికి ఆ రోడ్డు మీద కార్లు పాకుతుంటాయి, ఆ కార్ల వెనకే బస్సూ. కారు లేకుండా బెడ్‌ఫర్డ్‌లో దిగడం అంటే అద్దె కట్టి మరీ గృహనిర్బంధంలో ఉండటమే. కారు కొన్నా, ఇంట్లో ఇంకొకరు పనికి వెళ్ళాలంటే రెండోది కొనక తప్పదు. బెడ్‌ఫర్డ్‌లో అద్దె తక్కువని చెప్పేవాళ్ళు ఆ రెండో కారు వాయిదా, ఇన్సూరెన్సు లెక్కలోకి తీసుకోరు.

ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి మరీ ముఖ్యం, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అమ్మానాన్నలు ఆరు నెలలకని వస్తారు. పొద్దున కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు స్కూలుకి. మిగిలిన ఎనిమిది గంటలు వాళ్ళు ఎక్కడికి నడవగలరు? కొత్త కాలనీలో బయటికొస్తే పక్కిల్లూ అలాంటిదే, ఆ పక్కిల్లూ అలాంటిదే, బెంచీ మీద కూర్చునే మనిషి కనపడడు. మూడో వారానికి "టికెట్టు ముందుకి జరపరా" మొదలవుతుంది.

ఇక్కడే డార్ట్‌మౌత్ గెలుస్తుంది. నేననేది ఫెర్రీ రేవు చుట్టుపక్కల ఉన్న పాత డౌన్‌టౌన్ డార్ట్‌మౌత్ గురించి. రేవు పక్కనే లైబ్రరీ, వారాంతపు సంత. పోర్ట్‌లాండ్ స్ట్రీట్ మీదుగా పది నిమిషాలు నడిస్తే సల్లివన్స్ పాండ్. చెరువు చుట్టూ బాట, బెంచీలు, మనుషుల్ని లెక్కచేయని బాతులు. ఇంకాస్త పోతే బానుక్ సరస్సు, పడవ పందేలకి పేరున్నది. 1997, 2009, 2022లలో కెనూ ప్రపంచ పోటీలు అక్కడే జరిగాయి. వేసవి సాయంత్రాలు పిల్లలు పడవల్లో సాధన చేస్తుంటే గట్టు మీద ఊరికే కూర్చుని చూడొచ్చు. ఓపికున్నవాళ్ళు షూబీ పార్క్ దాకా పోవచ్చు. హార్బరు నుంచి ఫండీ అఖాతం దాకా సరస్సుల్ని కలుపుతూ తవ్విన షుబెనకాడీ కాలువ అక్కడుంది. 1861లో పూర్తయింది, రైలొచ్చి పదేళ్ళలోపే దాన్ని మూయించింది.

ఫెర్రీ అయితే 1752 నుంచి నడుస్తోంది. పన్నెండు నిమిషాల్లో హాలిఫాక్స్ ఒడ్డు. బస్సు టికెట్టే చెల్లుతుంది, దిగి ట్రాన్స్‌ఫర్ మీద బస్సెక్కొచ్చు. పై అంతస్తులో కూర్చుంటే ఎడమచేతి వైపు జార్జెస్ ఐలాండ్ లైట్‌హౌసు, కుడిచేతి వైపు మెక్‌డొనాల్డ్ వంతెన కింద నేవీ ఓడలు, ఎదురుగా మెట్లుమెట్లుగా సిటడెల్ గుట్ట దాకా ఎక్కిన నగరం. జనవరిలో పైకెక్కితే చెవులు ఊడిపోతాయి గానీ, కింద అద్దాల వెనక వెచ్చగానే ఉంటుంది. బెడ్‌ఫర్డ్ హైవే మీద ముందు కారు బ్రేకు లైటు చూస్తూ గడిపే సమయంలో ఇక్కడ పేపరు చదువుకుంటూ ఆఫీసుకి చేరొచ్చు. ఇంతకుముందు డార్ట్‌మౌత్ వద్దనడానికి వంతెన టోలు ఒక సాకు. మెక్‌డొనాల్డ్, మెకే వంతెనలు రెండింటికీ 2025 మార్చిలో టోలు ఎత్తేశారు. మెక్‌డొనాల్డ్ మీద నడిచి కూడా దాటొచ్చు. డార్ట్‌మౌత్ వైపే వుడ్‌సైడ్‌లో ఉన్న నోవా స్కోషియా కమ్యూనిటీ కాలేజీ (ఎన్‌ఎస్‌సీసీ) ఐవనీ క్యాంపస్‌లో చదివేవాళ్ళకీ, ఆ ఒడ్డునే ఉన్న బర్న్‌సైడ్ గోదాముల్లో మొదటి ఉద్యోగం దొరికినవాళ్ళకీ రోజూ వంతెన దాటాల్సిన పనే లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మనవాళ్ళు తక్కువ. కరివేపాకు అయిపోతే అవతలి ఒడ్డుకి పోవాల్సి రావచ్చు. పెద్ద గాలివానకి ఫెర్రీ ఆగిపోతుంది. రేవు దగ్గర కొత్త అపార్ట్‌మెంట్ల అద్దెలు నగరంతో పోటీ పడుతున్నాయి. రేవుకి దూరంగా, కోల్ హార్బర్ వైపు తక్కువకి దొరుకుతాయి, కానీ అక్కడికి పోతే నేను చెప్పిన సుఖాలు సగం పోతాయి. హాకీ పిచ్చి ఉన్న పిల్లలు మాత్రం సిడ్నీ క్రాస్‌బీ పెరిగిన చోటని సంబరపడతారు.

నగరం మధ్యలో ఉండటం ఖరీదైనదే. డాల్‌హౌసీలోనో సెయింట్ మేరీస్‌లోనో చదువుతూ, రాత్రి షిఫ్టు ఉద్యోగం చేసేవాళ్ళకి మాత్రం సౌత్ ఎండ్‌లో ఒక చిన్న గది, దూరంగా ఉన్న పెద్ద గది కంటే నయం. పాత చెక్క ఇళ్ళు కాబట్టి హీటింగ్ అద్దెలో కలిసి ఉందా అని తప్పక అడగాలి. ఆయిల్ ఫర్నేసు ఉన్న ఇంట్లో ఆ బిల్లు మన మీద పడితే చవక గది చవక కాదు. వీధిలో కారు పెట్టేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి: డిసెంబరు 15 నుంచి మార్చి 31 దాకా, మంచు ఎత్తే రాత్రుల్లో ఒంటిగంట నుంచి ఆరింటివరకు వీధి పార్కింగ్ నిషేధం.

నార్త్ ఎండ్‌లో హైడ్రోస్టోన్ నాకు అన్నిటికంటే ఇష్టమైన పేట. 1917 డిసెంబరు 6న హార్బరు సన్నబడే చోట పేలుడు పదార్థాలతో వస్తున్న ఫ్రెంచి ఓడ మాంట్ బ్లాంక్‌ని నార్వే ఓడ ఇమో గుద్దింది. పేలుడులో దాదాపు రెండు వేలమంది పోయారు, నార్త్ ఎండ్ నేలమట్టమైంది. ఎదురొడ్డున టఫ్ట్స్ కోవ్‌లో ఉన్న మిక్‌మా ఆదివాసుల గూడెం కూడా కొట్టుకుపోయింది. నిలువనీడ లేనివాళ్ళ కోసం కాంక్రీటు దిమ్మెలతో కట్టిన వరస ఇళ్ళే హైడ్రోస్టోన్. ప్రతి రెండు వరసల మధ్యా చెట్లున్న పచ్చిక, ఇళ్ళ వెనక సన్నటి సందు. అప్పట్లో నిరాశ్రయులకు కట్టినవి, ఇప్పుడు కొనాలంటే మనలాంటి వాళ్ళు చూసి సంతోషించాల్సిందే. అక్కడికి దగ్గర్లోనే, మెకే వంతెన కింద ఆఫ్రిక్‌విల్ మ్యూజియం ఉంది. తరాలుగా నల్లవాళ్ళు కాపురమున్న ఆ ఊరిని 1960లలో నగరం కూల్చేసింది, 2010లో క్షమాపణ చెప్పింది.

చుట్టాలొస్తే ఏం చూపించాలి? అందరూ పెగ్గీస్ కోవ్ అంటారు. నలభై కిలోమీటర్ల పైన, సిటీ బస్సు పోదు. లైట్‌హౌసు, తెల్లటి రాతి పరుపు, సముద్రం, ఎవరికైనా నచ్చుతుంది. నల్లగా కనిపించే రాళ్ళ మీద మాత్రం కాలు పెట్టొద్దు, అవి అల తాకే రాళ్ళు. ఒక్కరోజే ఉండి, కారు లేని చుట్టాలకైతే నేను దాన్ని చూపించను. పొద్దున పబ్లిక్ గార్డెన్స్ (చలికాలం మూసేస్తారు, వేసవిలో ఉచితం), పన్నెండింటికి సిటడెల్ మీద ఫిరంగి మోత, గుట్ట దిగి సెంట్రల్ లైబ్రరీ అయిదో అంతస్తులో కాఫీ, ఆపైన రేవు వెంట నడుచుకుంటూ పీర్ 21. 1928 నుంచి 1971 దాకా దాదాపు పది లక్షలమంది వలసదారులు ఓడ దిగిన షెడ్డు అది, ఇప్పుడు మ్యూజియం. మనం విమానం దిగినవాళ్ళమే అయినా, ట్రంకుపెట్టెలు, పచ్చళ్ళ జాడీల్లాంటివి వాళ్ళూ మోసుకొచ్చారని చూస్తే ముచ్చటేస్తుంది. సాయంత్రం ఫెర్రీ. ఈ రోజంతటికీ అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం టికెట్లు కాదు, తిండి. తిండి అంటే డోనేర్ కోసం అడుగుతారు, 2015లో నగరం దాన్ని అధికారిక వంటకంగా ప్రకటించింది. పీటా రొట్టెలో చుట్టిచ్చే మాంసం, పైన తీపి వెల్లుల్లి సాసు, కానీ ఆ మాంసం బీఫ్, కాబట్టి ముందే చెప్పడం మంచిది.

చుట్టాలకి ఇంకాస్త తీరికుంటే ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానం కూడా చూపించొచ్చు, టైటానిక్ ఓడ మృతులు 121 మంది సమాధులు ఉన్నదక్కడే. అక్కడ 'జె. డాసన్' రాయి ముందు పూలు పెట్టేవాళ్ళని చూశాను. అతను ఆ ఓడలో బొగ్గు మోసే కూలీ, 'టైటానిక్' సినిమా హీరో జాక్ డాసన్ కాదు.

ఏ పేట తేల్చుకున్నా, సంతకం చేసేముందు లీజు రకం చూడండి. నోవా స్కోషియాలో అడ్వాన్సు సగం నెల అద్దెకు మించి తీసుకోకూడదు. ఉన్న అద్దెదారుకి ఏడాదికి 5 శాతం మించి పెంచకూడదన్న పరిమితి 2027 చివరిదాకా ఉంది. కానీ కాగితం మీద 'ఫిక్స్‌డ్ టర్మ్' అని ఉంటే గడువు తీరగానే ఖాళీ చేయమనొచ్చు, తర్వాత వచ్చేవాళ్ళకి ఆ పరిమితి వర్తించదు. కాబట్టి గడువు తీరినా తనంతట తానే కొనసాగే 'పీరియాడిక్' లీజు ఇస్తారా అని ఓనర్ని ముందే అడగండి.