చెరువు పక్క పడక 3,363 రూపాయలు, ధాబా పక్క పడక 385

చలికాలంలో రాత్రిళ్ళు బండిలోనే పడుకుంటూ ఊళ్ళు తిరగాలంటే వేడినీళ్ళు దొరకాలి, నేల పొడిగా ఉండాలి, రాత్రి కరెంటు పోకుండా ఉండాలి. ఇవి లేనిచోట ఎంత అందమైన చెరువున్నా నాకు అక్కర్లేదు. ఇంత గట్టిగా రాస్తున్నానంటే కారణం ములుగు దాటాక మేం దిగిన ఒక ప్రైవేటు క్యాంపింగ్ స్థలం.

మాది పాత ట్రావెలర్ వ్యాను. సీట్లు పీకించి పడకలు, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, పైన సోలార్ ప్లేట్లు పెట్టించాం. డిసెంబరులో నేను, మా ఆయన, అత్తమ్మ హనుమకొండ నుంచి ఆదిలాబాద్ వైపు బయలుదేరాం. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే కాళ్ళకు వేడినీళ్ళు పడకపోతే ఆ రోజంతా నడవలేదు. అందుకే ఫోన్లో ముందే అన్నీ అడిగాను. "కరెంటు పాయింటు ఉంది మేడమ్, వేడినీళ్ళున్నయ్, మీరు వచ్చెయ్యండి" అన్నారు. రాత్రికి 1,800. అందులో వెయ్యి ముందే ఫోన్‌పే చేయించుకున్నారు.

తీరా వెళ్తే బండి పెట్టుకోమని చెరువు పక్కన పల్లంలో చోటు చూపించారు. చెప్పులు దిగబడేంత చెమ్మ. చల్లగాలి రాత్రిపూట పల్లంలోకే దిగుతుంది, పొగమంచు కూడా ముందు నీళ్ళ పక్కనే కమ్ముకుంటుంది. పైన గట్టినేల ఖాళీగా కనిపిస్తోంది. అక్కడ పెట్టుకుంటామంటే "అది కాటేజీల వాళ్ళ కార్లకు" అన్నాడు మేనేజరు. మరునాడు పొద్దున మేం వెళ్ళిపోయేదాకా అక్కడ ఒక్క కారు లేదు.

కరెంటు పాయింటు అంటే వంటశాల గోడ నుంచి లాగిన సన్నటి వైరు. దానికి వేరే 300. బ్యాటరీ చార్జింగుకు పెట్టి, నీళ్ళలో హీటర్ రాడ్ వేయగానే ఫ్యూజు ఎగిరిపోయింది. ఒకసారి వేశారు, మళ్ళీ పోయింది, ఇక ఎవరూ రాలేదు. పది దాటాక మొత్తం కరెంటే తీసేశారు. పొద్దున ఆరింటికి అడిగిన వేడినీళ్ళు తొమ్మిదింటికి వచ్చాయి, బకెట్ 50 చొప్పున మూడు బకెట్లు. అత్తమ్మ వేలు పెట్టి చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి గొంగడి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అత్తమ్మ తిట్టకుండా ఊరుకుందంటే కోపం బాగా ముదిరిందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

బిల్లు వచ్చింది. స్థలానికి 1,800, కరెంటుకు 300, నీళ్ళకు 150, రాత్రి మంటకు 600. ఆ మంట కట్టెలు పచ్చివి, పొగ తప్ప సెగ లేదు. మొత్తం 2,850 మీద 18 శాతం జీఎస్టీ అని ఇంకో 513 కలిపి 3,363 వేశారు. తెల్లకాగితం మీద పెన్నుతో రాసిన బిల్లు, జీఎస్టీ నంబరు ఎక్కడా లేదు. నంబరేది అంటే "సిస్టమ్‌లో ఉంటది మేడమ్" అన్నాడు. "పొద్దు పొద్దున గొడవెందుకు" అని మా ఆయన కట్టేశాడు. నాకు అన్నిటికన్నా ఆ 513 రూపాయలే మండింది. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు జీఎస్టీ వసూలు చేయకూడదు, ఉన్నవాళ్ళు బిల్లు మీద నంబరు వేసి తీరాలి. మీకెవరైనా ఇలాంటి కాగితం చేతిలో పెడితే ఆ పన్ను కట్టకండి.

రామప్ప చేరేదాకా అత్తమ్మ కొడుకుతో మాట్లాడలేదు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. పునాదిలో ఇసుక, శిఖరానికి నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు. ఇవన్నీ గైడు చెబుతుంటే మా ఆయన వింటున్నాడు. అత్తమ్మ మాత్రం చూరు కింద నల్లరాతి మదనికల దగ్గర నిలబడి, ఒక బొమ్మ మెడలోని హారం పేటలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఎండ వీపుకు తగులుతుంటే అక్కడే చాలాసేపు కూర్చున్నాం. మనసు కుదుటపడింది.

భూపాలపల్లి, మంథని, మంచిర్యాల, జన్నారం, అన్నీ సాఫీగా గడిచాయి. 2012లో టైగర్ రిజర్వు అయిన కవ్వాల్ అడవి జన్నారం దగ్గరే మొదలవుతుంది. ఆ అడవి దారిలో రాత్రి బండి ఆపే ఆలోచనే పెట్టుకోవద్దు. చీకటి పడకముందే ఊళ్ళోకి చేరండి.

అసలు చలి ఉట్నూరులో తెలిసింది. ఏటా పేపర్లో తక్కువ ఉష్ణోగ్రతలంటే సిర్పూర్, తిర్యాణి మండలం గిన్నెధరి పేర్లు వస్తుంటాయి కదా, ఆ చుట్టుపక్కలంతా అదే చలి. తెల్లవారుజామున బయట 9 డిగ్రీలు, బండిలో 12. సీసాలో కొబ్బరినూనె గడ్డ కట్టింది. ముగ్గురి ఊపిరికి రేకు పైకప్పు లోపలంతా నీటిబొట్లు పట్టి, తెల్లారేసరికి దుప్పటి మీద టపటపా పడ్డాయి. చలని కిటికీలన్నీ బిగించుకుంటే ఈ తడి ఇంకా ఎక్కువవుతుంది. ఎదురెదురుగా రెండు కిటికీలు వేలెడంత తెరిచి పడుకోండి. డ్రైవరు సీటు వెనక మందపాటి తెర కట్టండి, ఎందుకంటే ముందు అద్దం నుంచి వచ్చినంత చలి ఇంకెక్కడి నుంచీ రాదు. మేం అత్తమ్మ రెండో గొంగడి అక్కడ వేలాడదీశాం. కింద గోనెసంచులు పరిచి వాటి మీద చాప వేశాం.

అత్తమ్మ లోపల కుంపటి పెట్టమని పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు. మూసిన బండిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్ పొయ్యి వెలిగించి చలి కాచుకోవడమూ అంతే ప్రమాదం. రబ్బరు సంచిలో వేడినీళ్ళు నింపి కాళ్ళ దగ్గర పెట్టాం, అది చాలు. ఇంకో సంగతి. చిన్న డబ్బాల బ్యూటేన్ పొయ్యి ఈ చలికి నమ్మదగింది కాదు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, అందుకే 9 డిగ్రీల్లోనే మంట చిన్నబోయి టీ మరగడానికే యుగం పట్టింది. ఐదు కిలోల ఎల్పీజీ సిలిండర్ అదే పొద్దున బాగానే మండింది, అందులో ప్రొపేన్ కూడా ఉంటుంది కాబట్టి. బండిని ఎండాకాలంలో లాగా చెట్టు కింద పెట్టకండి. ముందు అద్దం తూర్పుకు తిప్పి పెడితే పొద్దుటి ఎండ లోపలికి వస్తుంది, సోలార్ ప్లేట్ల మీద నీడా పడదు. పొగమంచు ఉన్నరోజు మాత్రం తొమ్మిది దాటేదాకా చార్జింగు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసిన ఇప్పపువ్వు లడ్డూలు కొనుక్కుని గుడిహత్నూర్ దగ్గర హైవే ఎక్కాం. పత్తి ట్రాక్టర్లు రోడ్డు నిండా ఉన్నాయి, వెనక లైట్లు చాలావాటికి లేవు. మంచులో తొందరపడొద్దు.

నేరడిగొండ దగ్గర లారీవాళ్ళు ఆగే ఒక ధాబా ముందు ఆపి, రాత్రికి బండి పెట్టుకోవచ్చా అని అడిగాను. నడిపే ఆమె ముందు అత్తమ్మ కాళ్ళ వైపు చూసింది. "పైసలెందుకక్కా, తింటున్నరు గదా. గోడ పక్కకు పెట్టుకోండి, గాలి కొట్టది" అంది. తనే ముందు నడిచి, ఎగుడుదిగుడు లేని చోట బండి పెట్టించింది. మా ఆయన ధాబా కరెంటు బోర్డు నుంచి బండిలోకి వైరు లాక్కుంటే ఏమీ అనలేదు. ఆ రాత్రి కరెంటు పోలేదు.

రొట్టె గురించి కూడా చెప్పాలి. జొన్నపిండిలో మసిలే నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, చేయి కాలకుండా తడి చేసుకుంటూ పిసికింది. అరచేతులతో తడుతూ ఉంటే ముద్ద తిరుగుతూ తిరుగుతూ పళ్ళెమంత అయింది. పెనం మీద వేసి పైన తడిచేత్తో నిమిరింది, తిప్పి నేరుగా నిప్పుల మీద వేయగానే పూరీలా పొంగింది. పుంటికూర పప్పు, నూనెలో తేలే వంకాయ, పక్కన ఎల్లిపాయ కారం. అత్తమ్మ రెండు రొట్టెలు తిని మూడోది అడిగింది. బయలుదేరాక ఆమె అడిగి తిన్నది అక్కడే.

పొద్దున ఐదున్నరకే కట్టెల పొయ్యి మీద కాగులో నీళ్ళు మసులుతున్నాయి. చల్లనీళ్ళు కలుపుకోవాల్సినంత వేడి. రొట్టెలు ఆరు, ఒక్కోటి 20. కూరలు రెండు 160. టీలు మూడు 45. నీళ్ళు మూడు బకెట్లు 60. మొత్తం 385. వంద ఎక్కువిస్తే తీసుకోలేదు, "మళ్ళొచ్చినప్పుడు తినిపొండి" అంది.

కుంటాల జలపాతం 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. ఈ నెలల్లో నీళ్ళు తగ్గినా చూడదగ్గదే, కానీ మెట్లు చాలా ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను దింపకండి. తర్వాత నిర్మల్‌లో పునికి కర్ర బొమ్మలు కొని, జగిత్యాల, కరీంనగర్ మీదుగా ఇంటికి వచ్చేశాం.

పుష్య అమావాస్యకు కెస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్ళాలని మా ఆయన అప్పుడే లెక్కలు వేస్తున్నాడు. అత్తమ్మ వస్తానంది, రాత్రి పడక మాత్రం నేరడిగొండ ధాబా దగ్గరే పెట్టాలని షరతు. అక్కడి నుంచి కెస్లాపూర్‌కు ఎంత దూరమైనా సరే, నేనూ ఆమె వైపే.