చంద్రగిరి సైడ్ వీకెండ్ హార్స్ రైడింగ్ బ్యాచ్: గుర్రాన్ని రోడ్డెక్కించే ముందు ఏం నేర్పిస్తారు, నా రివ్యూ

2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెస్సాజ్ (గుర్రంతో పద్ధతిగా అడుగులు వేయించే పోటీ) టీమ్‌కి గోల్డ్ వచ్చినప్పట్నుంచి తిరుపతిలో పిల్లల్ని గుర్రం స్వారీకి పంపొచ్చా అని అడిగేవాళ్ళు బాగా పెరిగినారు, 1982 ఏషియన్ గేమ్స్ తర్వాత ఈక్వెస్ట్రియన్‌లో, అంటే గుర్రపు స్వారీ పోటీల్లో, మనకి అదే మొదటి గోల్డ్ కదా, నాకూ భలే సంతోషం వేసింది. కానీ మా ఆఫీసులో గానీ అపార్ట్‌మెంట్‌లో గానీ అందరూ అడిగేది ఒకటే, ఎన్ని క్లాసుల్లో గుర్రాన్ని పరిగెత్తించడం వస్తుంది అని. ఆ ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. గుర్రంతో మనల్ని రోడ్డు మీదికి ఎప్పుడు పంపిస్తారు, పంపించే ముందు మనలో ఏం చూస్తారు, గుర్రంలో ఏం చూస్తారు, ఇది అడగండి. అట్ల చూస్తే ఈ స్కూల్‌కి నేను ఐదుకి నాలుగున్నర స్టార్లు ఇస్తా, ఆ తగ్గించిన అర స్టార్ ఎందుకో కూడా కింద రాసినా.

నేను, మా పాప ఇద్దరం ఇక్కడే నేర్చుకుంటున్నాం, పాప ఎనిమిదో క్లాసు. చంద్రగిరి దాటినాక చిత్తూరు హైవే నుంచి లోపలికి తిరిగి మామిడి తోటల మధ్య పోవాల. మ్యాప్ పెట్టుకుంటే వచ్చేస్తారు, చివర్లో ఒక మట్టి రోడ్డు మాత్రం చిన్న కార్లకి కొంచెం కష్టం.

ఫస్ట్ చూడాల్సింది గుర్రాల్ని. నేను చేరే ముందే ఒక రోజు పొద్దున్నే చెప్పకుండా పోయి చూసినా, మీరూ అట్లనే పోండి, ఎవరూ ఏమీ అనరు. వీపు మీద జీను కూర్చునే చోట పుండ్లు ఉన్నాయా, నోటి మూలల్లో కళ్ళెం కోసుకున్న గాయాలు ఉన్నాయా, తొట్టిలో నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా, గిట్టలు పగుళ్ళు లేకుండా ఉన్నాయా. ఇక్కడ అన్నీ బాగున్నాయి, లాడాలు కొట్టే ఆయన ఆరు వారాలకి అటూ ఇటూగా వస్తా ఉంటాడు. ఎక్కువ రాజస్థాన్ మార్వాడీ జాతి క్రాస్ గుర్రాలే, చెవులు లోపలికి తిరిగి కొసలు కలుసుకున్నట్టు ఉంటాయి చూడండి అవే, మా పాప మొదటి రోజు ఆ చెవులు చూసే పడిపోయింది. పిల్లలు దాణా పెడతామంటే కొలిచిచ్చి పక్కన నిలబడి పెట్టిస్తారు, ఇష్టమొచ్చినట్టు పెట్టనియ్యరు. గుర్రానికి వాంతి చేసుకోవడం రాదు, తిండి తేడా చేసి కడుపు నొప్పి వస్తే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే ఆ స్ట్రిక్ట్‌నెస్ నాకు నచ్చింది. ఇంకొకటి, మన తిరుపతిలో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, వెటర్నరీ యూనివర్సిటీ కూడా ఇక్కడే, కాబట్టి అవసరం పడితే గుర్రానికి డాక్టరు దొరకడం చాలా ఊళ్ళ కన్నా మనకి సులువు.

ఇక నేర్పించే పద్ధతి. ట్రైనర్ ఆర్మీలో గుర్రాల దగ్గర పనిచేసి రిటైర్ అయిన పెద్దాయన, మన సైడ్ ఆయనే, గొంతు పెద్దది, మనసు మెత్తన. మొదట్లో పగ్గాలు చేతికే ఇవ్వడు. పొడుగు తాడు కట్టి గుర్రాన్ని తన చుట్టూ రౌండ్‌గా తిప్పుతా ఉంటాడు, మనం చేతులు రెండు పక్కలకీ చాపి కూర్చోవాల, తర్వాత రికాబుల్లోంచి (జీనుకి వేలాడే, పాదాలు పెట్టుకునే రింగులు) కాళ్ళు తీసి కూర్చోవాల. చాలామంది ఇక్కడే విసుక్కుంటారు, డబ్బులు కట్టింది గుండ్రంగా తిరగడానికా అని. కానీ బ్యాలెన్స్ కోసం పగ్గాలు పట్టుకుని వేలాడే అలవాటు పడితే అది గుర్రం నోటిని చంపేస్తుంది, నోరు మొద్దుబారిన గుర్రం రేపు రోడ్డు మీద మీరు ఆపమంటే ఆగదు.

తర్వాత నడక, ఆపడం, మళ్ళీ నడక, మళ్ళీ ఆపడం. అప్పుడు ట్రాట్. ట్రాట్ అంటే రెండు దెబ్బల నడక, ఎదురెదురు మూలల కాళ్ళు జతగా పడతాయి, దానికి తగ్గట్టు లేచి కూర్చోవడం నేర్చుకోవాల, అది కూడా సర్కిల్‌కి బయటి పక్క ఉండే ముందు కాలు ముందుకి పోయేటప్పుడు లేవాల. నాకు ఇది చాలా వారాలు పట్టింది, పాపకి తొందరగా వచ్చేసింది, పిల్లలకి నడుము లూజుగా ఉంటుంది కదా. ట్రాట్‌లో 20 మీటర్ల సర్కిల్ కోడిగుడ్డు ఆకారంలోకి పోకుండా నిజంగా గుండ్రంగా వస్తేనే క్యాంటర్ గురించి మాట్లాడతాడు ఆయన. ఇప్పుడు పాప క్యాంటర్ చేస్తా ఉంది, మూడు దెబ్బల పరుగు, కుడికి తిరిగేటప్పుడు కుడి ముందు కాలు, ఎడమకైతే ఎడమ ముందు కాలు ముందు పడాల, ఆ తేడా తెలుసుకుని అడుగుతుంది, గుర్రం ఇస్తుంది. నేను ఎడమ పక్క బాగా చేస్తా, కుడి పక్క ఇంకా పని ఉంది. ప్రోగ్రెస్ స్లో అనిపిస్తుంది, నిజం, కానీ ప్రతి నెలా ఆయన ఒక నోట్‌బుక్‌లో ఏం వచ్చింది ఏం రాలేదు అని రాసి చూపిస్తాడు, ఇది చాలా పెద్ద ప్లస్, ఎక్కడ ఉన్నామో మనకి తెలుస్తా ఉంటుంది.

అసలు విషయానికి వస్తా. ఈ అరీనాలో, అంటే స్కూల్ లోపల స్వారీ నేర్పే గ్రౌండ్‌లో, చేయించే బోరింగ్ పనులన్నీ రోడ్డు కోసమే. గుర్రాన్ని ఒక పక్క కాలితో నొక్కి పక్కకి అడుగులు వేయించడం ఉంది చూడండి, లెగ్ ఈల్డ్ అంటారు, దీంతో ఏం పని అని నేను కూడా అనుకున్నా. ఒక ఆదివారం ఊరి రోడ్డు మీద ఎడమ పక్క కంచెకి తెల్ల ప్లాస్టిక్ గోనె సంచి తగులుకుని గాలికి పటపటా కొట్టుకుంటా ఉంది, వెనకాల పాల వ్యాన్ వస్తా ఉంది. గుర్రం బెదిరితే ముందు భాగం సంచి వైపే చూస్తా పిర్రలు రోడ్డు మధ్యకి తిప్పేస్తుంది, వ్యాన్‌కి తగిలేది ఆ పిర్రలే. అప్పుడు తలని సంచికి దూరంగా, అంటే కుడికి, కొంచెం వంచి, కుడి కాలితో వెనక భాగాన్ని ఎడమ అంచుకి పట్టి ఉంచితే గుర్రం సంచిని దాటుకుని ముందుకి పోతుంది, వ్యాన్ దాని దారిన అది పోతుంది. మా పాప అదే చేసింది, ట్రైనర్ వెనక నుంచి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ రోజు నాకు ఈ స్కూల్ మీద నమ్మకం పూర్తిగా కుదిరింది.

గేటు దాటాలంటే ఇక్కడ కండిషన్ ఉంది. పగ్గాలు వదులుగా పెట్టి గుర్రాన్ని కదలకుండా నిలబెట్టాల, పక్కన ఆయన బుల్లెట్ స్టార్ట్ చేసి రేజ్ చేస్తాడు, హారన్ కొడతాడు, గొడుగు తెరుస్తాడు. "నిలబడమంటే నిలబడాల తల్లీ, అప్పుడే గేటు తీసేది" అంటాడు. రైడర్ పాసైనా గుర్రం ఆ రోజు చిరాగ్గా ఉంటే బయటికి లేదు, అంతే. బయట ఎప్పుడూ జంటగానే పంపిస్తారు, అనుభవం ఉన్న గుర్రం ట్రాఫిక్ పక్క, కొత్త గుర్రం లోపలి పక్క. రోడ్డు ఇరుకైతే ఒకరి వెనక ఒకరు. తారు మీద నడకే, ఇనుప లాడాలు తారు మీద జారతాయి, పైగా గట్టి నేల మీద పరిగెత్తిస్తే కాళ్ళ కీళ్ళు దెబ్బతింటాయి, కాబట్టి ట్రాట్ ఏదైనా ఉంటే తోట పక్క మట్టి దారిలోనే. దిగి నడిపించాల్సి వస్తే మనం గుర్రానికీ బండ్లకీ మధ్యలో ఉండాల. మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, కొండ పక్క మంచు దిగితే అది విడిపోయేదాకా బయటికి పంపరు.

దీనికి ముందు మేము ఇంకో చోటికి పోయినాం, పేరు వద్దు, అక్కడ మొదటి రోజే పాపని ఎక్కించి, ఫోన్ మాట్లాడతా ఉండే ఒక కుర్రోడి చేతికి తాడిచ్చి బస్సులు తిరిగే రోడ్డు మీదికి పంపించేసినారు, హెల్మెట్ అడిగితే బైక్ హెల్మెట్ ఇచ్చినారు. మళ్ళీ పోలేదు. బైక్ హెల్మెట్ దీనికి పనికిరాదు, బరువు ఎక్కువ, వెనక మెడ దగ్గర అడ్డం. రైడింగ్ హెల్మెట్ లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1163 గానీ పీఏఎస్ 015 గానీ (ఇవి స్వారీ హెల్మెట్ల సేఫ్టీ స్టాండర్డ్‌లు) రాసుందా చూడండి, ఒకసారి గట్టిగా కింద పడిన హెల్మెట్ బయటికి బాగున్నా మార్చేయాల. డెకాథ్లాన్‌లో రైడింగ్ హెల్మెట్లు దొరుకుతాయి, కొనే ముందు ఆ రాత ఉందా చూసుకోండి. బూట్లకి చిన్న మడమ ఉండాల, ఫ్లాట్ స్పోర్ట్స్ షూ వేసుకుంటే పాదం రికాబులోంచి దూరిపోయి ఇరుక్కుంటుంది, పడినప్పుడు గుర్రం ఈడ్చుకుని పోయేది అందుకే.

బండ్లు నడిపేవాళ్ళు కూడా ఇది చదువుతా ఉంటే మీకు ఒక రిక్వెస్ట్. గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ కనిపిస్తుంది, కానీ సరిగ్గా వెనక, సరిగ్గా నుదుటి ముందు కనపడదు. అందుకని మీ బైక్ వెనక నుంచి వచ్చి ఒక్కసారిగా దాని కంటి మూలలో ప్రత్యక్షం అవుతుంది, 400 కేజీల జంతువు భయంతో పక్కకి దూకితే పైన ఉండే పిల్లకీ మీకూ ఇద్దరికీ ప్రమాదమే. హారన్ కొట్టొద్దు ప్లీజ్. ఇంగ్లండ్‌లో అయితే 2022లో మార్చిన హైవే కోడ్‌లో గుర్రాన్ని దాటేటప్పుడు గంటకి 10 మైళ్ళ లోపు స్పీడు, కనీసం 2 మీటర్ల దూరం అని రాసినారు, అది వాళ్ళ దేశం రూలు. మన దగ్గర మోటార్ వెహికల్స్ యాక్ట్ 1988, సెక్షన్ 132లో ఒక మంచి మాట ఉంది, పశువుని తీసుకుపోయే మనిషి అది బెదిరి చేయి దాటిపోతుందేమో అని మిమ్మల్ని ఆపమంటే బండి ఆపాలి. ఇది చాలామందికి తెలీదు, మా ట్రైనర్ చెప్తేనే నాకూ తెలిసింది. మేము చెయ్యి చాపి మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే స్లో అవ్వమని అర్థం. ఆ ఊళ్ళో ట్రాక్టర్ నడిపే అన్నలు ఇప్పుడు బాగా అలవాటు పడినారు, దూరం నుంచే స్లో చేసి చెయ్యి ఊపుతారు, ఇబ్బంది అంతా వీకెండ్‌లో బయటి నుంచి వచ్చే కార్లతోనే.

ఇక తగ్గించిన అర స్టార్. రిఫ్లెక్టివ్ జాకెట్లు సరిపడా లేవు, ఉన్నవి ఉతికి ఉతికి వెలిసిపోయినాయి, ఇంత రోడ్డు సేఫ్టీ చెప్పే చోట ఇది అస్సలు బాగలేదు, నేను మాకు సొంతంగా కొనుక్కున్నా. చిన్న పిల్లల సైజు హెల్మెట్లు కూడా తక్కువ, లేట్‌గా వస్తే వదులుగా ఉండేది దొరుకుతుంది, వదులు హెల్మెట్ పెట్టుకుని ఎక్కనియ్యరు కాబట్టి ఆ రోజు క్లాసు పోయినట్టే. నవంబర్, డిసెంబర్ వానలకి అరీనా బురద అయిపోతుంది, క్యాన్సిల్ చేయడం కరెక్టే, కానీ మెసేజ్ పొద్దున ఐదింటికి పెడతారు, అప్పటికి మేము టిఫిన్ బాక్స్ కూడా సర్దేసి ఉంటాం. ముందు రోజు రాత్రే చెప్తే బాగుంటుంది. మామిడి సీజన్‌లో గేటు ముందరే లోడ్ ట్రాక్టర్లు వరసగా నిలబడతాయి, అప్పుడు గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టమని రెండు మూడు సార్లు అడిగినా, ఇంకా చేయలేదు. లేడీస్ టాయిలెట్ పర్వాలేదు.

క్లాసుకి 500 నుంచి 600 మధ్యలో పడుతుంది, నెలకి కలిపి కడితే కొంచెం తగ్గిస్తారు. ఎండాకాలంలో ఎనిమిదింటికల్లా ఆపేస్తారు, మన తిరుపతి ఎండకి అదే మంచిది, గుర్రం కూడా మనలాగే చెమట కారుస్తుంది. ఎనభై కేజీలు దాటిన పెద్దవాళ్ళు ముందే ఫోన్ చేసి కనుక్కోండి, జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించనియ్యరు, పెద్ద గుర్రాలు తక్కువ. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని పోండి, గుర్రాలు ఉండే చోట అది తప్పనిసరి. ఫోటోల కోసం ఒక్క రైడ్ కావాలంటే ఇక్కడికి రావద్దు, ఇవ్వరు. శనివారం బ్యాచ్ ఎప్పుడూ ఫుల్, ఆదివారం పొద్దున ఆరింటి బ్యాచ్‌లో ఖాళీలు ఉంటాయి, అరగంట ముందే పోతే మీ గుర్రానికి మీరే బ్రష్ కొట్టి జీను వేసుకోనిస్తారు, పిల్లల్ని తీసుకుపోతే ఆ టైముకే తీసుకుపోండి.