మోడెమ్‌లో ఆ ఒక్క పేజీ

ఫైబర్ కనెక్షన్‌తో పాటు కంపెనీ ఇచ్చిన మోడెమ్‌కు మా ఇంట్లో ఇది రెండో వేసవి. వేగం, ప్లాను, ధర అందరికీ తెలిసినవే. నాకు బాగా నచ్చింది ఒక్కటే: ఫైబర్ తీగలో నెట్‌ను మోసుకొచ్చే వెలుగు ఎంత అందుతోందో చూపించే పేజీ. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి లోపలికి వెళ్తే స్టేటస్ కింద కనిపిస్తుంది. మోడెమ్‌లోనే ఉంటుంది కాబట్టి ఇంటర్నెట్ పోయినా ఇది తెరుచుకుంటుంది.

నిరుడు ఏప్రిల్‌లో దీని విలువ తెలిసింది. కడప ఎండల సంగతి చెప్పేదేముంది, పదకొండు దాటితే కిటికీలు బిగించుకోవలసిందే. సరిగ్గా ఆ వేళకే మోడెమ్ మీద ఎల్‌ఓఎస్ దీపం (వెలుగు అందడం లేదని చెప్పేది) ఎర్రగా మిణుకుమనేది, నెట్ పోయేది. సాయంత్రానికి దానంతట అదే వచ్చేది. ఫోన్ చేస్తే ఒకటే పాట: ‘మోడెమ్ ఆపి మళ్లీ ఆన్ చేయండి సార్.’ వేడెక్కుతోందేమోనని మా ఆవిడ దాన్ని కడప బండల అల్మారాలోంచి తీసి ఫ్యాను కింద పెట్టింది. గుణం కనిపించలేదు.

ఒక మధ్యాహ్నం ఆ పేజీ తెరిస్తే అందుతున్న వెలుగు మైనస్ 29 డీబీఎం. డీబీఎం అంటే వెలుగు బలాన్ని కొలిచే లెక్క, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువన్నమాట. ఈ రకం మోడెమ్‌లకు సాధారణంగా మైనస్ 27 దాటితే కష్టమే. ఇంతలో మా అబ్బాయి గాలి కోసం కిటికీ రెక్క తెరిచాడు. పేజీని మళ్లీ లోడ్ చేస్తే మైనస్ 21! మూయించాను, మళ్లీ 29. స్తంభం నుంచి వచ్చే తీగను కనెక్షన్ ఇచ్చిన రోజున గోడకు రంధ్రం చేయకుండా కిటికీ చట్రం మూలలోంచి లాగారు. రెక్క మూసినప్పుడల్లా అది మడత పడుతోంది. ఫైబర్ బాగా వంగితే వెలుగు బయటికి జారిపోతుంది. ఎనిమిది డెసిబెళ్ల తేడా అంటే ఆరింతల వెలుగు!

లైన్‌మన్ వచ్చాక వాదన పెట్టుకోలేదు. తెర ముందు కూర్చోబెట్టి కిటికీ మూసి, తెరిచి చూపించాను. మారు మాట్లాడకుండా డ్రిల్లింగ్ మిషన్ తెచ్చుకున్నాడు.

కంప్యూటర్‌లో చేసుకోవలసింది తక్కువే. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మోడెమ్‌లోనే ఉంటాయి గనుక విండోస్‌లో ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ అడ్రసు), డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు అడ్రసులు వెతికేది) ఆటోమేటిక్‌లో ఉంచితే చాలు. ఐపీ 169.254తో మొదలైతే మాత్రం కంపెనీని తిట్టకండి. కంప్యూటర్‌కు మోడెమ్ నుంచి అడ్రసే అందలేదన్నమాట, ముందు కేబుల్ చూసుకోవాలి.

వైఫై గురించి మొదట్లో చుట్టాలందరికీ గొప్పగా చెప్పాను. దాని రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్‌ది వేగమైన మాట నిజమే, కాకపోతే హాల్లో కూర్చున్నంతసేపే. మాది రాతి గోడల పాత ఇల్లు, వంటింట్లో నెమ్మదైన 2.4 బ్యాండ్ తప్ప దిక్కులేదు. నేను ఇంతగా పొగిడిన పేజీకీ ఒక చిక్కు వచ్చింది. ఈమధ్య కంపెనీవాళ్లు దూరం నుంచే సాఫ్ట్‌వేర్ మార్చారు, దాంతో పాత పాస్‌వర్డ్ చెల్లలేదు. కొత్తది రాబట్టడానికి లైన్‌మన్‌ను బతిమాలుకోవలసి వచ్చింది.

ఇంట్లో కంప్యూటర్ ఉండి, కాస్త కెలికే ఓపిక ఉన్నవాళ్లకు ఇది సరిపోతుందనే అనుకుంటున్నాను. ఫోన్లతోనే గడిచిపోయే ఇంట్లో ఆ పేజీని ఎవరూ తెరవకపోవచ్చు. పైగా మా వీధి లైన్‌మన్ పిలిస్తే పలికే మనిషి. ఎర్రముక్కపల్లిలో మా బావమరిదికీ ఇదే మోడెమ్ ఇచ్చారు, ఆయన దాన్ని తిట్టని రోజు లేదు.