తంపరలో సందర్శకుల కేంద్రం: నీటి మీదా, మట్టిదిబ్బలోనా, చుట్టిల్లుగానా?

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పక్షుల్ని చూడటానికి వచ్చేవాళ్ల కోసం కొత్తగా ఒక కేంద్రం కట్టాల్సి వస్తే ఎలాంటిది కట్టాలి? ఇప్పుడున్న ఏర్పాట్ల సంగతి పక్కన పెడదాం. ఇలాంటి చోట్లకు వేసే ప్లాన్లలో రెండు రకాల బొమ్మలు మామూలుగా కనిపిస్తాయి. ఒకటి నీటి మధ్య స్తంభాల మీద లేచిన అద్దాల భవనం. రెండోది నెత్తిన గడ్డి మొలిచిన మట్టిదిబ్బలో దాక్కున్న భవనం. మన ఉత్తరాంధ్ర తీరంలో మూడో దారి కూడా ఉంది, అది గుండ్రటి మట్టిగోడల మీద తాటాకు కప్పు వేసే చుట్టిల్లు. నా ఓటు దానికే, కాకపోతే ఊరికే వేయను, కొన్ని షరతులున్నాయి.

ముందు నేల గురించి. తేలినీలాపురం పక్షులు మేతకు దిగే నౌపడా దగ్గరి తంపర, సోంపేట బీల, రెండూ పల్లపు చిత్తడి నేలలే. ఇవి ఎందుకూ పనికిరావని చెప్పి థర్మల్ ప్లాంట్లకు ఇవ్వబోతే 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో జనం అడ్డం తిరిగారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అలాంటి నేలలోకి సిమెంటు లారీ దిగితే, దాని మీద ‘ప్రకృతి కేంద్రం’ అని రాసున్నా ఊళ్లవాళ్లు అనుమానంగానే చూస్తారు. చూడటమే మంచిది. నోటిఫై అయిన చిత్తడి నేలల్లో, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు పడవల రేవులు తప్ప శాశ్వత కట్టడాలేవీ కట్టకూడదని 2017 కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అవే నిబంధనలు ఉప్పు మడుల్ని చిత్తడి నేలల లెక్కలోంచి తీసేశాయి. నౌపడా అంటేనే ఉప్పు కదా! రూలు వర్తించని చోట కూడా ఆ 50 మీటర్లు వదిలి కట్టమనే నేనంటాను.

ఇక పక్షులు. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులనే కొంగలు వర్షాకాలం చివర్లో వచ్చి వేసవి మొదలయ్యేదాకా ఉంటాయి. గూళ్లు ఊళ్లోని పెద్ద చెట్ల మీద, మేత తంపరలో. (వీటిని సైబీరియా పక్షులని రాయడం అలవాటైపోయింది. ఈ పెలికాన్లు దక్షిణాసియావే, సైబీరియా ముఖం కూడా చూడవు.) పశువులు, ఆటోలు, ఇళ్లలో మాటలు, ఇవన్నీ వాటికి అలవాటే. మేతలో ఉన్నప్పుడు గట్టు మీద నిటారుగా నిలబడ్డ కొత్త మనిషిని చూస్తే మాత్రం లేచిపోతాయి. గూటి కింద గోల చేస్తే తల్లి ఎగిరిపోతుంది, గుడ్లు కాకుల పాలవుతాయి, పిల్లలు ఎండకు మాడతాయి. కాబట్టి భవనం మన కంటికి ఎంత అందంగా కలిసిపోయిందన్నది తర్వాత సంగతి. లోపల తిరిగే మనుషులు పక్షులకు కనిపించకూడదు, అదీ అసలు పరీక్ష.

స్తంభాల భవనం ఆ పరీక్షలో మొదటే తప్పుతుంది. వరద కిందనుంచి పోతుందన్నది నిజమే, ఫొటోలు బాగా వస్తాయన్నదీ నిజమే. కానీ చదునైన తంపరలో ఎత్తు మీద నడిచే జనం ఆకాశానికి ఎదురుగా నీడబొమ్మల్లా కనిపిస్తారు. అద్దంలో చెట్టూ ఆకాశమూ ప్రతిబింబిస్తే పిట్టలు దాన్ని ఖాళీ అనుకుని గుద్దుకుంటాయి. ఉప్పు నేలలో స్తంభాల్లోని ఇనుము తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంది. పైగా 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన జిల్లా ఇది. ఇంత పెద్ద అద్దాలు ఇక్కడ ఎవరి ధైర్యంతో పెడతారో నాకర్థం కాదు.

మట్టిదిబ్బ దీనికంటే చాలా నయం. లోపల చల్లగా ఉంటుంది, చిన్న కిటికీల్లోంచి చూసే మనిషి బయటికి కనపడడు. కొండవాలులో అయితే నేనే ముందు చేయెత్తేవాణ్ణి. తంపరలో దిబ్బ అనేదే లేదు, గట్లు తప్ప. దిబ్బ కోసం ఎక్కడినుంచో మట్టి తోలాలి, తోలిన మట్టి నీటి దారికి అడ్డం పడుతుంది. తడిసిన మట్టికప్పు బరువు మోయాలంటే లోపల మళ్లీ కాంక్రీటే దిక్కు. ఏప్రిల్‌కి పైన గడ్డి ఎండిపోతుంది, దాన్ని బతికించడానికి మంచినీళ్లు పోయాలి.

చుట్టిల్లు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గాలికి ఎదురొడ్డే వెడల్పు గోడ ఉండదు. కప్పు శంకువులా పైకి లేచి, చూరు కిందికి వాలుతుంది. ఆ చూరు నీడలో నిలబడ్డవాళ్లు దూరానికి కనపడరు. తాటితోపు పక్కన మూడు నాలుగు చుట్టిళ్లు కడితే కొత్తగా ఏదో వచ్చిందనే అనిపించదు. పునాదికి, అరుగుకి టెక్కలి గ్రానైట్ క్వారీల్లో పారేసిన రాయి చాలు. అది ఉంటే వాననీటికి మట్టిగోడ అడుగు నానదు.

ఇబ్బందులూ తక్కువేం కాదు. తాటాకు కప్పు కొన్నేళ్లకోసారి మళ్లీ నేయించాలి, నిప్పు భయం ఉంది, వంపు గోడకు బోర్డులు తగిలించడం తలనొప్పి. టెండర్ పిలిచి ఒకసారి కట్టి వదిలేసే పద్ధతిలో చుట్టిల్లు బతకదు. ఇల్లు నేయడం తెలిసినవాళ్లకు ఊళ్లోనే ఏటా పని ఇచ్చేలా బడ్జెట్ ఉంటేనే దీని జోలికి వెళ్లాలి. లేదంటే పెంకు వేసుకోవడం మేలు, కాస్త అందం తగ్గినా.

నా షరతుల్లో మొదటిది చోటు. కేంద్రం ఊరి అంచున, గూళ్ల చెట్లకు దూరంగా ఉండాలి. మేత చూడాలనుకునేవాళ్లకు గట్టు పక్కన తడికల మాటు చాలు. లండన్‌లో పాత రిజర్వాయర్ల చోట 2000లో తెరిచిన వెట్‌ల్యాండ్ సెంటర్‌లోనూ పెద్ద భవనాలు ప్రవేశం దగ్గరే ఉంటాయి, లోపల చూడటానికి మాటులుంటాయి.

రెండోది టాయిలెట్. ప్లాన్లలో దీన్ని ఒక మూల చిన్న డబ్బాగా గీసి వదిలేస్తారు. నాకైతే టెన్షన్ అంతా దీని గురించే. వానాకాలంలో ఇక్కడ నీటిమట్టం నేలకు జానెడు లోతులోకి వస్తే ఇంకుడు గుంతలోని మురుగు నేరుగా తంపరలో కలుస్తుంది. 2021-22 శీతాకాలంలో ఇక్కడ పెలికాన్లు పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు చేపల ద్వారా సోకిన పరాన్న పురుగులే కారణమన్నారు. నీటిలో ఏం కలుస్తోందన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. మెరక మీద, కారని మూసిన ట్యాంకు కట్టి, బండి తెచ్చి తోడించాలి. బస్సులు మెయిన్ రోడ్డు దగ్గరే ఆగాలి, చీకటి పడ్డాక బయట లైట్లు వద్దు.

చివరి షరతు పని నెలల గురించి. తేలినీలాపురంలో అయితే పక్షులు వెళ్లిపోయాక, మే నుంచి ఆగస్టు లోపు గోడలూ కప్పూ పూర్తి కావాలి. ఇదే ప్లాన్‌ని ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి తీసుకెళ్తే లెక్క తిరగబడుతుంది. అక్కడి ఓపెన్‌బిల్ కొంగలు తొలకరితో వచ్చి చలికాలం మొదట్లో వెళ్తాయి కాబట్టి, పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి మే లోపు ముగించాలి.